పురిటికి కన్నవారింటికి వచ్చిన తల్లీబిడ్డల దగ్గరికి ఎవరు రావాలి, ఎలా రప్పించుకోవాలి

మీరు రాసిన సంగతి క్లుప్తంగా ఇదీ. చెల్లెలి అత్తవారిల్లు ఆమదాలవలస. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో 35 వారాలకే సిజేరియన్ అయింది. పాప 1,900 గ్రాములు. ఆరు రోజులు ఐసీయూలో ఉంచి, తొమ్మిదో రోజున డిశ్చార్జి చేశారు. ఇప్పుడు తల్లీపిల్లా చీపురుపల్లి దగ్గర మీ ఊళ్లో, మీ అమ్మగారి దగ్గర ఉన్నారు. పాపకు పన్నెండో రోజు. ఇంటికి ఇంతవరకూ ఎవరూ రాలేదు. బావగారు హైదరాబాద్‌లో, మీరు బెంగళూరులో. ఇంటికొచ్చి చూసే సర్వీసులు ఏమున్నాయి, వాటిని ఎలా కనుక్కోవాలి, విశాఖ ఏజెన్సీ పంపిస్తానంటున్న నర్సును పెట్టుకోవాలా అన్నవి మీ ప్రశ్నలు.

నర్సు సంగతి తర్వాత చూద్దాం. డబ్బు కట్టకుండా ఇంటికి రావలసిన మనిషి మీ ఊళ్లోనే ఉంది. ఆమె రాలేదంటే బద్ధకం అనుకోకండి. మీ పాప ఆమె రిజిస్టర్లో లేకపోవడం అసలు కారణం అయి ఉంటుంది. గర్భిణిగా పేరు రాసింది ఆమదాలవలసలో, కాన్పు శ్రీకాకుళం ప్రైవేటులో, పాప ఉన్నది విజయనగరం జిల్లాలో. ఆమదాలవలస ఆశా దృష్టిలో తల్లి ఊళ్లో లేదు. మీ ఊరి ఆశాకు తల్లి వచ్చిన సంగతే తెలియదు. తొలికాన్పుకు కన్నవారింటికి రావడం మన రెండు జిల్లాల్లో ఇంటింటి ఆచారం, అందుకే ఈ సందులో జారిపోయే పిల్లలు తక్కువేం కాదు. కాబట్టి మీరు చేయాల్సిన వాకబులో మొదటి పని, పాప ఎక్కడ ఉందో అక్కడి రిజిస్టర్లో ఆమె పేరు ఎక్కించడం.

ఈ పని ఫోన్ మీద ఒక్క పూటలో అవుతుంది. మీ అమ్మగారి చేత అంగన్‌వాడీ టీచరు దగ్గర ఆశా నంబరు, గ్రామ సచివాలయంలో ఏఎన్ఎం నంబరు తీసుకోండి. సచివాలయంలో ఆరోగ్యం చూసే ఉద్యోగి ఆ ఏఎన్ఎమ్మే, ఊళ్లో నర్సమ్మ అంటారు. చెల్లెలి దగ్గర తల్లీబిడ్డల కార్డు ఉంటుంది, ఆసుపత్రుల్లో ఎంసీపీ కార్డు అంటారు. దాని మీద పన్నెండు అంకెల ఆర్‌సీహెచ్ నంబరు రాసి ఉంటుంది. నర్సమ్మకు ఆ నంబరు, డిశ్చార్జి కాగితం ఫొటో వాట్సాప్‌లో పంపి, మూడు ముక్కలు చెప్పండి: పాప నెలలు నిండకముందే పుట్టింది, 1,900 గ్రాములు, ఐసీయూ నుంచి వచ్చింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ బిడ్డ ముందు చూడాల్సిన జాబితాలోకి వెళ్తుంది. ఐసీయూ నుంచి వచ్చిన బిడ్డను ఇంటికి చేరిన 24 గంటల్లోపు చూడాలన్నది నియమం. మీకు ఆ గడువు దాటిపోయింది, కనుక ఇవాళే రమ్మని అడగడం న్యాయమే.

ఫోన్ నంబరు దగ్గర ఒక చిక్కు వస్తుంది. కార్డులో సాధారణంగా భర్త నంబరు ఉంటుంది, ఆయన హైదరాబాద్‌లో డ్యూటీలో ఉంటారు. టీకా మెసేజీలు, ఆశా ఫోన్లు అన్నీ అక్కడికే పోతాయి. మీ అమ్మగారిదో, పగలు ఇంట్లో ఎత్తే మరొకరిదో నంబరు రాయించండి.

ఇక అసలు పథకం. దీన్ని నవజాత శిశువుకు ఇంటి వద్ద సంరక్షణ అంటారు, సిబ్బంది హెచ్‌బీఎన్‌సీ అంటారు. 2011 నుంచి దేశమంతా ఉంది. దీనికి మూలం మహారాష్ట్ర గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ చేసిన పని. ఊళ్లోని ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపితే నెలలోపు పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ 39 ఊళ్ల ఆడవాళ్లు డాక్టర్లు కారు. వాళ్లు చేసింది తూచడం, ఊపిరి లెక్కపెట్టడం, ఒళ్లు తాకి చూడడం, పాలు పట్టించడం, లక్షణం కనబడితే ఆలస్యం చేయకపోవడం. మీ ఇంటికొచ్చే ఆశా నుంచి ఆశించాల్సింది సరిగ్గా అదే.

ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు రావాలి. ఇంట్లో కాన్పయితే మొదటి రోజుతో కలిపి ఏడు. సిజేరియన్ అయి ఆలస్యంగా ఇంటికొస్తే ఏడో రోజు నుంచి అయిదు. మీ పాపకు తక్షణం ఒకటి, ఆపైన 14, 21, 28, 42. మధ్యలో తల్లి అత్తవారింటికి వెళ్లిపోతే మిగిలినవి అక్కడి ఆశా చేస్తుంది. రెండు ఊళ్ల ఆశాలు ఈ సందర్శనల్ని పంచుకునే వీలు మార్గదర్శకాల్లోనే ఉంది. కాబట్టి "ఈవిడ మా ఊరి మనిషి కాదు" అని ఎవరైనా అంటే, గొడవ పడకుండా ఆ ముక్క నర్సమ్మకు గుర్తుచేయండి చాలు.

రమ్మనడం ఒక ఎత్తు, వచ్చినప్పుడు తలుపు తీయడం మరో ఎత్తు. నెలలోపు పోయే పిల్లల్లో దాదాపు నాలుగింట మూడొంతులు మొదటి వారంలోనే పోతారు. మన ఇళ్లలో సరిగ్గా ఆ వారమే పురుడని పైవాళ్లను గదిలోకి రానివ్వరు. ఆశా గుమ్మంలో నిలబడి "పాప బాగుందా" అని అడుగుతుంది, లోపల్నుంచి "బాగుంది" అంటారు, రిజిస్టర్లో టిక్కు పడుతుంది. బట్టలు తీసి తూచడానికి కూడా పెద్దవాళ్లు ఒప్పుకోరు, పిల్ల బరువు నలుగురికీ తెలిస్తే దిష్టి తగులుతుందని. మీ అమ్మగారిని ఎదిరించవద్దు. తూకం గదిలోనే, తలుపు వేసి, అంకె పైకి చదవకుండా కార్డులో రాయమని చెప్పండి. దిష్టి భయమూ తీరుతుంది, తూకమూ పడుతుంది. ఆశా చేతులు సబ్బుతో కడుక్కుని వస్తుందని ముందే చెబితే మైల మాట కూడా సగం సర్దుకుంటుంది.

ఆమె వచ్చి వెళ్లాక సందర్శన సరిగ్గా జరిగిందా అని మీరు బెంగళూరు నుంచి తెలుసుకోవాలంటే "వచ్చిందా" అని అడగకండి. "ఎంత బరువు? ఊపిరి ఎంత? ఒంటి వేడి ఎంత? పాలు తాగుతుంటే పక్కన కూర్చుని చూసిందా?" అని అడగండి. ఈ నాలుగింటికీ జవాబు ఉంటే అది సందర్శన. ఫొటో తీసుకుని వెళ్లిపోయినా, "అంగన్‌వాడీకి ఓసారి తీసుకురండి" అన్నా అది సందర్శన కాదు. 1,900 గ్రాముల పిల్లను బయట తిప్పకూడదనే కదా ఇంటికి రమ్మనేది.

బరువు దగ్గర పొరపాట్లు ఎక్కువ జరుగుతాయి, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఆశా సంచిలో సాధారణంగా ఉండేది చేత్తో పైకెత్తి పట్టుకునే తూకం, కింద గుడ్డ జోలె. ముందు ఖాళీ జోలె తగిలించి సున్నా చూడాలి, ముల్లు అటూ ఇటూ ఉంటే మర తిప్పి సున్నాకు తేవాలి. తర్వాత పాపకు టోపీ, డైపరు, బట్టలు తీసి జోలెలో పెట్టాలి. మంచం మీదో చాప మీదో కొద్ది ఎత్తులో మాత్రమే లేపాలి, జోలె ఊగడం ఆగాక ముల్లును కంటికి సమానంగా పెట్టుకుని చదవాలి. పై నుంచి వంగి చూస్తే అంకె మారిపోతుంది. తువ్వాల్లో చుట్టి తూచారంటే ఆ తూకం పనికిరాదు, మందపాటి తువ్వాలే రెండు మూడు వందల గ్రాములు ఉంటుంది. పాప వారంలో పెరగాల్సింది దానికంటే తక్కువ! ప్రతిసారీ అదే తూకం వాడితే మంచిది. ఆసుపత్రి డిజిటల్ తూకానికీ దీనికీ కొద్దిగా తేడా రావడం మామూలే, అందుకని మీ ఇంట్లో పడిన మొదటి తూకం నుంచే లెక్క పెట్టుకోండి.

పుట్టిన మొదటి వారం పిల్లలు కొంత బరువు తగ్గుతారు, పదిలో ఒక వంతు వరకూ తగ్గొచ్చు. రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు చేరాలి. అక్కడి నుంచి రోజుకు 20 నుంచి 30 గ్రాములు. అంటే 14వ రోజుకు 1,900 అయితే 21వ రోజుకు 2,050 దగ్గర, 28వ రోజుకు 2,200 దగ్గర కనబడాలి. వారంలో 100 గ్రాములు కూడా రాకపోతే, పాప హుషారుగా ఉన్నా సరే పిల్లల డాక్టరుకు చూపించాలి. తక్కువ బరువు పిల్లలు ఆకలేసినా ఏడవరు, నిద్రపోతూనే నీరసించిపోతారు. "పాపం మంచి పిల్ల, అస్సలు ఏడవదు" అన్న మాట ఇలాంటి బిడ్డ విషయంలో వినబడితే జాగ్రత్త పడాలి.

ఊపిరి లెక్కపెట్టడానికి పాప నిద్రలోనో, ఏడవకుండానో ఉండాలి. పొట్ట మీది గుడ్డ పైకి జరిపి, సెకన్ల ముల్లు ఉన్న గడియారమో ఫోనో పక్కన పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేస్తే తప్పొస్తుంది, పసివాళ్ల ఊపిరి ఒక లయలో ఉండదు, మధ్యలో కాస్త ఆగి మళ్లీ గబగబా తీస్తారు. 60 లేదా అంతకు మించి వస్తే కాసేపాగి మళ్లీ లెక్కపెట్టాలి. రెండోసారి కూడా అంతే ఉంటే వెంటనే ఆసుపత్రి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి లాక్కుపోతుంటే లెక్క కూడా అక్కర్లేదు, బయల్దేరాలి.

వేడి చూడడానికి థర్మామీటరు చంకలో పెట్టాలి. 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. పాత కొలతలో 97.7 నుంచి 99.5. జ్వరం అంటే అందరికీ భయమే, చల్లబడడం అంటే ఎవరికీ భయం లేదు. ఈ బరువు పిల్లల్లో చల్లబడడం ఎక్కువ ప్రమాదం. రాత్రి పూట థర్మామీటరు లేకుండా చూసే పద్ధతి మీ అమ్మగారికి నేర్పండి. అరచేతి వెనక వైపుతో పాప పొట్ట, ఆ తర్వాత పాదం తాకాలి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా, పాదం చల్లగా ఉంటే చలి మొదలైనట్టు, వెంటనే తల్లి గుండెల మీద వేసుకోవాలి. రెండూ చల్లగా ఉంటే ఆసుపత్రికి వెళ్లాలి, దారిలో కూడా తల్లి ఒంటికి ఆనించే తీసుకెళ్లాలి.

గుండెల మీద వేసుకోవడం అంటే కంగారూ పద్ధతి. డైపరు, టోపీ, మేజోళ్లు తప్ప ఇంకేమీ లేకుండా పాపను నిలువుగా తల్లి రొమ్ముల మధ్య ఆనించి, పైన చీర చెంగుతోనో దుప్పటితోనో కట్టుకోవడం. తల ఒక పక్కకు తిరిగి, గడ్డం కొద్దిగా పైకి ఉండాలి, ముక్కుకు ఏదీ అడ్డం రాకూడదు. రోజుకు కనీసం 8 గంటలు, ఎంత ఎక్కువైతే అంత మేలు. సిజేరియన్ కుట్లున్నాయి కాబట్టి వెనక దిండ్లు పెట్టి ఏటవాలుగా కూర్చుంటే కుట్ల మీద బరువు పడదు. మీ అమ్మగారూ చేయొచ్చు, బావగారు వచ్చినప్పుడు ఆయనా చేయొచ్చు. ఆశాకు ఇది నేర్పిస్తారు, చేసి చూపించమని అడగండి.

పాలు రెండు గంటలకోసారి, రాత్రి కూడా లేపి పట్టాలి. పీల్చే ఓపిక లేకపోతే తల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతో పెదవి అంచున పెట్టి మెల్లగా పట్టాలి. సీసా వద్దు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది సార్లు మూత్రం పోస్తే పాలు చాలుతున్నట్టు.

ఇప్పుడు పెద్దవాళ్లకు నచ్చకపోయినా చెప్పాల్సిన మాట ఒకటుంది. మన ఊళ్లలో పసిబిడ్డ ఇంటికి రోజూ వచ్చేది ఆశా కాదు, నర్సమ్మ కాదు, నీళ్లు పోసే ఆవిడ. ఆమె మాటే ఇంట్లో చెల్లుతుంది. రెండు కిలోలు దాటేవరకూ పాపకు స్నానం వద్దు. గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డతో ముడతలు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తి, టోపీ పెడితే చాలు. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయడం, నోట్లో ఆముదం పోయడం, బొడ్డుకు పసుపో బూడిదో రాయడం, మూసిన గదిలో సాంబ్రాణి పొగ పట్టడం ఈ పాపకు కుదరవు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది, ఇంత చిన్న బిడ్డ తట్టుకోలేదు. ఆవిడను మానిపించవద్దు, ఆశా వచ్చే రోజున ఆవిడనూ రమ్మనండి. "పాప రెండు కిలోలు దాటాక మీరే నీళ్లు పోద్దురు, అప్పటిదాకా తల్లికి పోయండి" అంటే ఆవిడ గౌరవమూ నిలుస్తుంది. తల్లికి పథ్యం పేరుతో నీళ్లు తగ్గిస్తుంటే అది కూడా ఆపించండి, కుట్లు మానాలన్నా పాలు పడాలన్నా పప్పు, గుడ్డు, కూరలు, దాహానికి తగ్గ నీళ్లు కావాలి.

గడువు ఉన్న పనులు మరికొన్ని ఉన్నాయి, ఇవి తప్పిపోకూడదు. డిశ్చార్జి కాగితంలో పుట్టినప్పటి టీకాలు చూడండి. ఐసీయూ పిల్లలకు ఇవి తరచు దాటిపోతాయి. పోలియో సున్నా మోతాదు 15 రోజుల వరకే వేస్తారు, మీకు మూడు రోజులే ఉంది. బీసీజీ ఏడాది లోపు వేయొచ్చు, బరువు చూసి డాక్టరు చెబుతారు. హెపటైటిస్ బి 24 గంటల్లో పడాల్సింది, పడిందో లేదో కార్డులో రాసి ఉండాలి. తర్వాతి టీకాలు ఆరు వారాలకు. నెలలు తక్కువ పుట్టినా టీకాల లెక్క పుట్టిన తేదీ నుంచే, వెనక్కి జరపకూడదు. ఊళ్లో టీకాలు బుధ, శనివారాల్లో వేస్తారు.

రెండోది కంటి పరీక్ష. రెండు కిలోల లోపు పుట్టిన పిల్లలకు, 34 వారాల లోపు పుట్టినవాళ్లకు కంటి వెనకపొరలో రక్తనాళాలు సరిగ్గా పెరగని జబ్బు రావచ్చు. బయటికి ఏమీ కనబడదు, ఆలస్యమైతే చూపు పోతుంది. మీ పాపకు వారాలు దాటినా బరువు గీత కిందే ఉంది, కనుక 30 రోజులు నిండకముందే రెటీనా పరీక్ష చేయించాలి. డిశ్చార్జి కాగితంలో ఆ తేదీ రాయకపోతే నర్సింగ్ హోమ్‌కు ఇవాళే ఫోన్ చేసి ఎక్కడ చేయించాలో అడగండి. అయిదు రోజులు మించి ఐసీయూలో ఉన్నారు కాబట్టి వినికిడి పరీక్ష కూడా. విజయనగరం, శ్రీకాకుళం రెండింట్లోనూ జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి, డైక్ అంటారు, అక్కడ ఈ పిల్లల ఎదుగుదల ఉచితంగా చూస్తారు. పుట్టిన సర్టిఫికెట్టుకు 21 రోజుల గడువు, అది శ్రీకాకుళంలోనే, పుట్టిన చోటే నమోదు కావాలి. నర్సింగ్ హోమ్ పంపిందో లేదో అడగండి.

రాత్రిపూట వాహనం సంగతి. 108 అందరికీ తెలుసు. ఏడాదిలోపు జబ్బు పడ్డ బిడ్డకు ప్రభుత్వాసుపత్రిలో వైద్యం, మందులు, పరీక్షలు, రానుపోను రవాణా ఉచితం. విజయనగరం ఘోషాసుపత్రి మీకు దగ్గర. పాలు తాగడం మానేయడం, ఒళ్లు వేలాడేయడం, ఫిట్స్, అరచేతులూ అరికాళ్లూ పసుపెక్కడం, బొడ్డు నుంచి చీము, పొట్ట ఉబ్బి వాంతులు, పైన చెప్పిన ఊపిరి, వేడి తేడాలు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకూడదు. ఊళ్లో ఆర్‌ఎంపీ చేత ఇంజెక్షన్ వేయించి చూద్దాం అనుకునే ఆ రెండు మూడు గంటలే పిల్లల ప్రాణం తీస్తాయి. పసుపు సంగతి పగటి వెలుగులో చూడాలి, ట్యూబ్‌లైటు కింద తెలియదు. నుదుటి మీద వేలితో నొక్కి వదిలితే కింద రంగు కనబడుతుంది.

ఇప్పుడు ఏజెన్సీ నర్సు. పైన రాసిందంతా మీ అమ్మగారు, చెల్లెలు, ఆశా కలిసి చేయగలిగితే 24 గంటల నర్సు అక్కర్లేదని నా అభిప్రాయం. మీ దగ్గరున్న డబ్బుతో వంటకూ బట్టలకూ ఒక మనిషిని పెట్టండి. మీ అమ్మగారి చేతులు ఖాళీ అవుతాయి, చెల్లెలు పాపను గుండెల మీద పెట్టుకుని కూర్చోగలుగుతుంది. ఈ పాపకు అన్నింటికంటే పెద్ద వైద్యం అది. పరాయి మనిషి పాపను ఎత్తుకుని తిరుగుతుంటే తల్లి పక్కకు జరిగిపోతుంది, పాలూ తగ్గుతాయి.

అయినా పెట్టుకోవాల్సి వస్తే, వారం పది రోజులు, పగలు కొన్ని గంటలు వచ్చేలా, పసిపిల్లల ఐసీయూలో పనిచేసిన మనిషినే అడగండి. "నర్సు" అని ఏజెన్సీలు పంపేవాళ్లలో చాలామంది కేర్‌టేకర్లు, ఆయాలు. వాళ్ల పని చిన్నదని కాదు, కానీ నర్సుకిచ్చే డబ్బు పుచ్చుకుని ఆయాను పంపడం మోసం. ఏఎన్ఎం రెండేళ్ల చదువు, జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. ఏది చదివినా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, ఆ సర్టిఫికెట్టు ఫొటో, ఆధార్ ముందే పంపమనండి. మీ పోలీసు స్టేషన్లో ఆ వివరాలు ఇచ్చి ఉంచండి. రెండు వారాలకు మించి దగ్గు ఉన్న మనిషి పసిబిడ్డ గదిలోకి రాకూడదు, ఇది మొహమాటం లేకుండా అడగండి. పని గంటలు, సెలవు రోజు, మనిషి మానేస్తే ఎన్ని రోజుల్లో ఇంకొకర్ని పంపుతారు, అడ్వాన్సు తిరిగి ఎంత ఇస్తారు, ఇవన్నీ కాగితం మీద ఉండాలి. విశాఖ ఏజెన్సీకి చీపురుపల్లి దూరం, మనిషి మధ్యలో వెళ్లిపోతే మరొకర్ని పంపడం దగ్గరే ఎక్కువ పేచీలు వస్తాయి.

ఒప్పుకునే ముందు ఆ మనిషితో ఫోన్‌లో మాట్లాడండి. "పాప సరిగా తాగకపోతే ఏం చేస్తారు?" అని అడగండి. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పడతాను, అప్పటికీ తాగకపోతే డాక్టరుకు ఫోన్ చేయిస్తాను అంటే సరే. గ్లూకోజు నీళ్లు, సీసా, డబ్బా పాలు అన్న మాట మొదట వచ్చిందంటే వద్దు. "నిమిషానికి ఎన్ని ఊపిరులైతే భయపడాలి?" అంటే 60 అని తడుముకోకుండా రావాలి. డాక్టరు చీటీ లేకుండా ఇంట్లో ఇంజెక్షన్, సెలైన్ పెడతాననే మనిషిని గుమ్మం ఎక్కించకండి.

ఆశా రెండు మూడు ఫోన్లకూ రాకపోతే నర్సమ్మకు, ఆ తర్వాత మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు చెప్పండి. అక్కడా పని కాకపోతే విజయనగరంలో జిల్లా వైద్యారోగ్య శాఖ కార్యాలయం, లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. ఆ మెట్టుకు చేరేవాళ్లు అరుదు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఆశాకు వెయ్యి జనాభా, సర్వేలు, యాప్‌లు, మీటింగులు ఉంటాయి. ఫిర్యాదు ధోరణిలో కాకుండా "రేపు ఏ టైముకు వీలవుతుంది, తల్లి మెలకువగా ఉండేలా చూస్తాం" అని అడిగితే నిజంగా వస్తారు. వచ్చినప్పుడు తలుపు తాళం వేసి ఉంటే మాత్రం ఆ ఇల్లు రెండోసారి వెనకబడుతుంది.

మీ ఊరు మైదానం కాబట్టి ఇదంతా ఫోన్ల మీద అవుతుంది. సీతంపేట, సాలూరు వైపు కొండ ఊళ్లకు, అవి 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి, లెక్క వేరు. అక్కడ ఆశా ఒక్కో గూడేనికి ఉన్నా, బిడ్డకు బాగోలేకపోతే డోలీ కట్టి రోడ్డు దాకా దిగాలి. అందుకే ఇలాంటి తక్కువ బరువు బిడ్డ ఉన్న కుటుంబం మొదటి నెల కింద ఊళ్లో బంధువుల ఇంట్లో ఉండడం మేలు.

42 రోజుల తర్వాత ఆశా రాకపోకలు ఆగవు. 2018లో మరో పథకం వచ్చింది, 3, 6, 9, 12, 15 నెలల్లో అయిదుసార్లు ఇంటికి రావడం. ముందుగా ఆకాంక్షిత జిల్లాల్లో, అంటే కేంద్రం ఎంచిన వెనకబడిన జిల్లాల్లో పెట్టారు, మన రాష్ట్రం నుంచి వాటిలో విజయనగరం ఉంది. ఆ సందర్శనల్లో ఎదుగుదల గీత, టీకాలు, పైతిండి, ఆరు నెలల నుంచి ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు, ఇంట్లో ఓఆర్ఎస్ పొట్లం ఉందా లేదా చూడాలి. ఏడు నెలల నుంచి అంగన్‌వాడీలో బాలామృతం నెలకు రెండున్నర కిలోలు పాప పేరు మీద వస్తుంది, అందుకు అక్కడి జాబితాలోనూ పేరు ఉండాలి.

మూడో నెలలోనో అయిదో నెలలోనో చెల్లెల్ని అత్తవారింటికి పంపిస్తారు. రిజిస్టరు మళ్లీ జారేది అక్కడే. ఆమదాలవలస మునిసిపాలిటీ, అక్కడ గ్రామ సచివాలయం ఉండదు, వార్డు సచివాలయంలో ఆరోగ్య కార్యదర్శి, పట్టణ ఆరోగ్య కేంద్రం ఉంటాయి. బయల్దేరడానికి వారం ముందే ఆ వార్డు నర్సమ్మకు ఫోన్ చేసి ఆర్‌సీహెచ్ నంబరు, వచ్చే టీకా తేదీ చెప్పండి. కార్డులో ప్రతి పేజీ ఫొటో తీసి మీ ముగ్గురి ఫోన్లలో ఉంచుకోండి, ప్రయాణాల్లో కార్డులు పోతాయి. మీ ఊరి ఆశా చేత ఆఖరి తూకం, తేదీతో సహా కార్డులో రాయించండి. ఆమదాలవలసలో పడే మొదటి తూకం ఆ అంకె పక్కనే పడాలి.